తూర్పు దిబ్బ

“నీళ్ళు పోస్తే కట్ట మెత్తబడుతుందని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” అన్నారు మామయ్యగారు.

“పోయకపోతే పాదు ఎండిపోతుందని నేనెన్నిసార్లు చెప్పాలి?” అంది అత్తయ్య.

పొద్దున కాఫీల దగ్గర మొదలైన తగువు అది. నేను అన్నం వార్చే వేళకి కూడా తెగలేదు. అత్తయ్య చేతిలో నీళ్ళ చెంబు. మామయ్యగారి చేతిలో కర్ర. ఇద్దరికీ మధ్య, పెరటి తూర్పు గోడ పొడుగునా గుండెల ఎత్తు మట్టి దిబ్బ, దాని వాలు మీద అత్తయ్య పెట్టిన గుమ్మడి తీగ.

“దీన్ని కట్ట అంటారు రోసమ్మా. గుమ్మడి మడి అనరు.”

“ఏమన్నా అనండి. మన ఊళ్ళో ఫిరంగి దిబ్బ ఉన్నన్నాళ్ళూ ఒక్క గుండు పేల్చింది లేదు. నా తీగ పోయినేడు వీధి వీధంతటికీ పులుసు పెట్టించింది.”

“లెంటు ఉపవాస దినాల్లో నోరు కట్టుకోవాలని గుళ్ళో అయ్యగారు మొన్న ఆదివారం చెప్పారు.”

“మీకు చెప్పారో నాకు చెప్పారో, రేపు ఆయన్నే అడుగుదాం.”

గోడ అవతల కమలాబాయి తల లేచింది. మా ఇంటి తగువు చెవిన పడకపోతే ఆవిడకు అన్నం సయించదు.

“ఏందక్కా, పొద్దుగాల్నే జంగ్ షురూ చేసిన్రు? ఆ దిబ్బ జోలికి పోకు. దుష్మన్ వస్తే పెద్దయ్య గుమ్మడికాయలతోని కొడ్తడు.”

“నీకు నవ్వులాటగానే ఉంటుంది కమలా,” అన్నారు మామయ్యగారు. అన్నారే గాని మీసాల కింద ఆయనా నవ్వారు. ఆ సందులో అత్తయ్య చెంబెడు నీళ్ళూ పాదులో కుమ్మరించేసింది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ దిబ్బ ఉన్న చోటు నాకు కావాలి.

మాది సికింద్రాబాదులో బన్సీలాల్‌పేటకు పోయే దారిలో పెంకుటిల్లు. ముందు వసారా, ఒక పెద్ద గది, ఒక చిన్న గది, వెనక వంటిల్లు. చిన్న గది అత్తయ్యా మామయ్యగారిది. పెద్ద గదిలో మా ఆయనా, నేనూ, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి దేవకృపా. పెరట్లో ఒక మూల బావి, ఇంకో మూల స్నానాల దడి. మిగిలిన నేలంతా దిబ్బది. నా చెల్లెలు మేబెల్‌ని తెచ్చి పెట్టుకోవాలంటే ఒక గది వెయ్యాలి. గది వెయ్యడానికి ఇంకెక్కడా చోటు లేదు.

అది పందొమ్మిది వందల యాభై, మార్చి నెల. అంతకు ముందు అక్టోబరులో వచ్చిన తుపానుకి బందరు ఆవల మా ఊరు పల్లెదిన్నె సగం కొట్టుకుపోయింది. మా అమ్మా నాన్నా అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళారు. మేబెల్ ఒక్కతే అక్కడ మిషను బళ్ళో చిన్న తరగతులకు చెప్పుకుంటూ, బడి పక్క గదిలో ఉండేది. పసితనంలో వచ్చిన జ్వరానికి దాని ఎడమకాలు చచ్చుబడింది. ఈడ్చి నడుస్తుంది. ముప్ఫయ్యేళ్ళొచ్చాయి, పెళ్ళి కాలేదు. తుపానుకి బడీ పోయింది, గదీ పోయింది. అప్పటినుంచి బందరులో, ఇళ్ళు పోయినవాళ్ళకోసం వేసిన రేకుల షెడ్డులో పదిమంది ఆడవాళ్ళ మధ్య ఒక చాప మీద ఉంటోంది. వేసవిలో ఆ షెడ్డు పీకేస్తారని తెలిసింది. పీకేశాక వాళ్ళంతా ఎక్కడికి పోవాలో చెప్పినవాళ్ళు లేరు.

నాకు ఉన్న తోబుట్టువు అదొక్కతే. దానికి ఉన్న దిక్కు నేనొక్కదాన్నే.

మా ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఆఫీసులో ఎంతటివాణ్ణయినా అడిగేస్తారు గాని, తండ్రి ముందు నోరు పెగలదు. అయినా నా పోరు పడలేక రెండుసార్లు అడిగారు.

మొదటిసారి మామయ్యగారు, “వసారాలో మంచం వేద్దాం,” అన్నారు. వీధిలోకి తెరిచి ఉన్న వసారాలో వయసులో ఉన్న ఆడపిల్ల ఎలా పడుకుంటుందండీ అని అత్తయ్యే అంది.

రెండోసారి ఆయన చాలాసేపు ఆలోచించి, “మా గది ఇచ్చేస్తాం. నేనూ రోసమ్మా వసారాలోకి మారతాం,” అన్నారు. ఆయనకి ఉబ్బసం. మంచు పడితే రాత్రంతా కూర్చునే ఉంటారు. ఆ మాటకి నేనే ఒప్పుకోలేదు. అంటే ఆయన ఏమైనా ఇస్తారు. దిబ్బ తప్ప. దిబ్బ మాట ఎత్తితే మాత్రం, “అది ఉండనీ రిచర్డూ,” అని లేచిపోతారు.

కోపం తెచ్చుకుందామంటే నాకూ రాదు. ఆ దిబ్బ ఏమిటో ఈ ఇంట్లో ఆయనా అత్తయ్యా కాక బాగా తెలిసిన దాన్ని నేనే.

పల్లెదిన్నెలో సముద్రం ఒడ్డున ఒక ఫిరంగి దిబ్బ ఉండేది. కుంపిణీ వాళ్ళ కాలంలో కట్టారట. సముద్రం వైపు అర్ధచంద్రాకారంగా ఎత్తయిన మట్టి కట్ట, దానికి లోపలి వైపు ఇటుక గోడ. కట్టలో ఫిరంగుల కోసం గుంటలు. ఒక్కొక్క గుంటలో ఫిరంగి అటూ ఇటూ తిరగడానికి నేల మీద వంపు తిరిగిన ఇనప పట్టా. పడమట, అంటే ఊరి వైపు, గోడా లేదు కట్టా లేదు, వాకిలిలా తెరిచి ఉండేది. శత్రువు వచ్చేది సముద్రం మీంచే గదా, ఊళ్ళోంచి ఎందుకొస్తాడు? ఊరికన్నా మెరక మీద, కట్ట మట్టిలోకి సగం చొచ్చుకుని మందుకొట్టు ఉండేది. ఒకప్పుడు తుపాకిమందు దాచిన గది. నాకు తెలివి వచ్చేటప్పటికి మందూ లేదు, సిపాయిలూ లేరు. ఎండాకాలంలో ఊళ్ళో వాళ్ళు తమ ఆవకాయ జాడీలు తెచ్చి ఆ చల్లదనంలో పెట్టుకునేవాళ్ళు. ఎవరి జాడీకి వాళ్ళు ఒక రంగు గుడ్డ కట్టుకునేవాళ్ళు.

ఫిరంగుల్ని మొదటి యుద్ధం అయ్యాక తీసుకుపోయారు. ఒకటి మాత్రం ఇసకలో కూరుకుపోయి ఎన్ని ఎడ్లు కట్టినా కదల్లేదని వదిలేశారు. మా చిన్నతనమంతా దాని మీదే. మధ్యాహ్నం తాకితే తొడలు చుర్రుమనేవి. నేనూ మేబెలూ ఇనప పట్టా మీద పడిపోకుండా నడిచే ఆట ఆడేవాళ్ళం. దాని కాలు నిలవదు గనక నా భుజం పట్టుకునేది. నేను పడితే అదీ పడేది. కట్ట మీద మత్స్యకారుల ఆడవాళ్ళు నెత్తళ్ళు ఎండబెట్టేవాళ్ళు. ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా పాడుకుంటూ ఆ కట్ట ఎక్కేది, సముద్రంలోంచి సూర్యుడు వచ్చేదాకా ఆరాధన. ముందురోజే చేపలు తీసెయ్యమని అయ్యగారు చెప్పడం, వాళ్ళు తియ్యకపోవడం, పునరుత్థాన సువార్త మేము ముక్కు మూసుకుని వినడం, ప్రతి ఏడూ ఉండేదే. ఇప్పటికీ నాకు ఈస్టరు అంటే ముందు ఆ వాసనే గుర్తొస్తుంది.

మామయ్యగారు ఫిరంగులున్న కాలం మనిషి. వాటిని తుడిచే, నూనె పెట్టే, గుళ్ళు మోసే లస్కరుగా చేరారు. పెళ్ళికాని రోజుల్లో, జర్మనీ వాళ్ళ ఎమ్డెన్ ఓడ మద్రాసు మీద గుళ్ళు కురిపించిందని కబురు వచ్చిందట. ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని గుడివాడ దారి పట్టింది. దిబ్బ మీద ఒక దొరా, కొందరు లస్కర్లూ మిగిలారు. ఊళ్ళో ఒక ముసలమ్మ మిగిలింది, ఈనబోతున్న గేదెను వదిలి రానని. ఆ ముసలమ్మ మనవరాలే మా అత్తయ్య. దిబ్బ మీది వాళ్ళకి గంజి కాచి పంపింది వాళ్ళే. రాత్రీ పగలూ తూర్పుకి చూస్తూ కూర్చున్నారట. ఓడ రాలేదు.

“రాని ఓడకి కాపలా కాసిన వాణ్ణి చూసి పెళ్ళి చేశారు నన్ను,” అంటుంది అత్తయ్య ఇప్పటికీ.

“రాకపోవడం నా తప్పా? మేము ఉన్నామనే రాలేదు,” అంటారాయన.

ఫిరంగులు తీసేశాక ఆయన్ని తిరుమలగిరిలో పటాలం సామాన్లుండే లష్కరు స్టోర్సుకి మార్చారు. అలా ఈ ఊరు వచ్చి, ఇక్కడే పింఛను పుచ్చుకున్నారు. పిల్లవాడికి పెళ్ళీడు రాగానే మళ్ళీ పల్లెదిన్నె వెళ్ళి నన్ను చేసుకొచ్చారు.

నలభై ఎనిమిదిలో సికింద్రాబాదులో ఉన్నవాళ్ళకి ఆ వర్షాకాలం ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. ఉప్పు లేదు, కిరసనాయిలు లేదు. మోండా మార్కెట్లో రోజుకో పుకారు. వెళ్ళగలిగిన వాళ్ళు బెజవాడ వెళ్ళిపోయారు. మా ఆయనకి సెలవు ఇవ్వలేదు గనక మేము కదల్లేదు. ఒకరోజు పొద్దున్నే మామయ్యగారు మేకులూ, పురికొసా తీసుకుని పెరట్లోకి దిగారు.

“ఏంటి నాన్నా ఇది?” అన్నారు మా ఆయన.

“గుండు పడితే గోడ పగిలి ముక్కలు మనమీదే పడతాయిరా. మట్టయితే మింగేస్తుంది.”

కమలాబాయి మొగుడు రాములు గడ్డపార పట్టాడు. సముద్రపు ఇసక కాదు గదా, ఇక్కడిది మొరం నేల, తవ్వుతుంటే నిప్పులు రాలాయి. వీధిలో ఎవరి కూలిన గోడ మట్టి వాళ్ళు తట్టలతో తెచ్చి పోశారు. వంపు తిరిగిన కట్ట లేచింది. కట్ట నీడన, కూర్చుంటే తల కనపడనంత లోతు కందకం. పల్లెదిన్నె దిబ్బని ఎవరో చేత్తో నలిపి చిన్నది చేసి మా పెరట్లో పెట్టినట్టే ఉంది. చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఏదో తప్పు ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆయన లెక్కలో శత్రువు వచ్చేది తూర్పునుంచి. నా లెక్కలో కూడా అంతే.

పోలీసు యాక్షన్ మొదలైన సాయంత్రం మా ఆయన స్టేషన్లో రేడియో విని వచ్చారు. కట్ట చూశారు. ఆకాశం చూశారు.

“నాన్నా, వాళ్ళొచ్చేది షోలాపూరు నుంచట. అంటే పడమర.”

కందకం నిండా మనుషులున్నారు. అందరి ముఖాలూ తూర్పు కట్ట వైపు, అందరి వీపులూ షోలాపూరు వైపు. మామయ్యగారు కర్రతో కట్టని ఒకసారి పొడిచి చూశారు.

“బెజవాడ నుంచి కూడా వస్తారుగా,” అన్నారు.

“ఏంది పెద్దయ్యా,” అంది కమలాబాయి, “సముద్రం కెల్లి జహాజులల్ల వస్తరనుకుంటివా?”

భయంతో బిగుసుకుపోయి ఉన్నామేమో, అందరం ఒక్కసారిగా పగలబడ్డాం. అత్తయ్యకి నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. మామయ్యగారు కూడా కాస్త ఆగి నవ్వారు.

ఆ రోజులు తలుచుకుంటే భయం గుర్తుకు రాదు, మనుషులే గుర్తుకొస్తారు. మేము కీర్తన ఎత్తుకుంటే కమలాబాయి చిడతలు వేసేది. ఆవిడ భజన అందుకుంటే అత్తయ్య తాళం. జొన్నరొట్టెలూ, ఉల్లిపాయలూ. ఉప్పు లేదని పిల్లలు ఏడిస్తే, పక్క సందులో మిషను కుట్టే ఖాదర్ సాబు భార్య జైతూన్‌బీ కొంగు ముడి విప్పి చిటికెడు చిటికెడు పంచింది. పైన విమానాలు తిరిగాయి. పెరట్లో పడ్డవి మాత్రం కాగితాలే. దేవకృప వాటితో పడవలు చేసింది.

అయిపోయింది, నైజాం వాళ్ళు లొంగిపోయారు అన్న రోజు వీధిలో పూలదండలు, కేకలు. అందరూ కందకంలోంచి లేచి పరుగెత్తారు. జైతూన్‌బీ లేవలేదు. పిల్లల్ని దగ్గరికి తీసుకుని కట్టకి ఆనుకుని కూర్చుంది. మామయ్యగారు ఆమెను చూశారు. లోపల్నుంచి కుర్చీ తెచ్చి కందకానికి పడమటి కొసన, తెరిచి ఉన్న వైపు వేసుకుని, వీధి గుమ్మానికేసి చూస్తూ కూర్చున్నారు. గొడవలు సద్దుమణిగి ఖాదర్ సాబు వచ్చి తీసుకెళ్ళేదాకా ఆయన భోజనం కూడా ఆ కుర్చీలోనే.

తరవాత వానలకి కందకం పూడింది. కట్ట నిలిచింది. అత్తయ్య దాని మీద గుమ్మడి పెట్టింది. నిజానికి తుపాను వచ్చేదాకా ఆయన ఆ తీగని పట్టించుకోలేదు. పల్లెదిన్నె కొట్టుకుపోయిందని విన్నాకే, వాన పడ్డప్పుడల్లా కట్టను దిమ్మెసతో కొట్టడం, నీళ్ళు పొయ్యొద్దనడం మొదలైంది. అసలు దిబ్బ ఏమైందో ఆయన ఎవర్నీ అడగలేదు. మేమూ చెప్పలేదు. మాకూ తెలియదు.

ఆ గుమ్మడి తగువు పడ్డ శనివారం మధ్యాహ్నమే లూకా దిగాడు. మామయ్యగారి అన్నగారి కొడుకు. పల్లెదిన్నెలో పడవ ఉండేది. తుపానుకి పోయింది. ఇక్కడ ఏదైనా పని చూసుకుందామని, ఒక బుట్టెడు ఎండు రొయ్యలు పట్టుకుని బందరు బండి ఎక్కాడు.

“వందనాలు బాబాయ్! వందనాలు పిన్నీ!” అంటూనే కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. బావి దగ్గర ఆగిపోయాడు.

“ఇదేంటి బాబాయ్? మన దిబ్బ! మన దిబ్బకి పిల్ల పుట్టినట్టుంది!”

రెండేళ్ళలో ఆ దిబ్బను చూసి అలా అన్నవాళ్ళు లేరు. మామయ్యగారు కర్ర కూడా మరిచిపోయి దిగొచ్చారు. ఇదిగో గుంట ఇక్కడ రావాలి, రాయి తగిలి కుదరలేదు, వంపు ఇక్కడ కాస్త తక్కువైంది, అని అన్నీ చూపించారు. లూకా చేత్తో కొలుస్తూ, “సరిగ్గా ఉంది, సరిగ్గా ఉంది,” అన్నాడు. దేవకృప కట్టెక్కి, “గిట్ల దూకాలె చూడు పెద్దనాన్నా,” అని దూకింది.

“గిట్ల ఏంటే, ఇలా అను,” అని కసిరింది అత్తయ్య.

భోజనాలయ్యాక బావి పక్కన వేపచెట్టు నీడన చాప పరిచాం. మామయ్యగారు చుట్ట ముట్టించుకుని, ఇన్నాళ్ళూ అడగనిది అప్పుడు అడిగారు.

“అది... ఉందా?”

“ఎందుకు లేదు బాబాయ్? అది లేకపోతే నేనూ లేను,” అన్నాడు లూకా. “మేబెల్ టీచరు మీకు రాయలేదా?”

“క్షేమంగా ఉన్నానని రాసింది,” అన్నాను.

“అంతేనా! అసలు అందర్నీ అక్కడికి తోలింది ఆవిడే గదా. మధ్యాహ్నానికే గాలి మారింది. నీళ్ళు బడి మెట్ల దాకా వచ్చేశాయి. అందరూ గుళ్ళోకి పరుగెత్తుతుంటే ఆవిడ పిల్లల్ని ఒక తాడు పట్టించి వరసగా దిబ్బకి నడిపించింది. గుడి కప్పు రేకు, నిలవదు, దిబ్బకి రండి అని అరుస్తూనే ఉంది. సముద్రానికి ఎదురు పోవడమేంటి, ఈవిడకి మతి పోయిందని తిట్టుకున్నాం. తీరా గుడి రేకు లేచిపోయాక మేమూ అటే పరుగు. మందుకొట్టు నిండా పిల్లలు. బయట తూర్పు గోడకి వీపులు ఆన్చి మేము. అల వచ్చి కట్టకి కొట్టుకునేది బాబాయ్, వీపు అదిరిపోయేది. పైనుంచి నీళ్ళు జల్లులా పడేవి. గోడ మాత్రం కదల్లేదు.”

మామయ్యగారి చుట్ట ఆరిపోయింది. వెలిగించుకోలేదు.

నేను మేబెల్ని తలుచుకుంటున్నాను. పట్టా మీద నా భుజం పట్టుకోకపోతే నిలవలేని పిల్ల. మోకాలి లోతు నీళ్ళలో, ఆ కాలితో, తాడు కొస పట్టుకుని ముందు నడిచింది. నాకు రాసింది ఒక్క ముక్క, క్షేమం అని. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

“కట్ట ఏమైనా కోసిందా?” అన్నారు మామయ్యగారు.

“ఉత్తరపు కొస పోయింది. మిగతాది సముద్రం ఏమీ చెయ్యలేదు.” లూకా కాస్త తటపటాయించాడు. “మేమే చేస్తున్నాం.”

“ఏం చేస్తున్నారు?”

“ఇటుకలు తీసుకుంటున్నాం బాబాయ్. ఎవరికీ ఇల్లు లేదు. కట్ట మట్టి మెరకలకి, ఇటుక గోడలకి. రోజూ బళ్ళు కడుతున్నారు. మా వంటింటి గోడ దాని ఇటుకే. మందుకొట్టు కప్పు రాళ్ళు బడికి మోశారు. ఈ వానాకాలానికి అక్కడ పునాది గుర్తులు కూడా మిగలవేమో.”

“సర్కారు ఊరుకుందా?” అన్నారు మా ఆయన.

“తుపానప్పుడు సర్కారు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది తమ్ముడూ.”

కమలాబాయి గోడ మీద గడ్డం ఆన్చి వింటోంది. మామయ్యగారికి కోపం వస్తుందని మేమంతా ఎదురుచూశాం. ఆయన ఆరిపోయిన చుట్ట పక్కన పెట్టి అడిగారు.

“నీ గోడ నిలబడిందా?”

“ఆఁ. బాగా నిలబడింది.”

“ఆ ఇటుక బరువు. పునాది లోతుగా తియ్యాలి.”

“తీశాం బాబాయ్.”

మామయ్యగారు లేచి వెళ్ళారు. ఎండ వాలేదాకా వసారాలో పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకున్నారు. నిద్ర మాత్రం కాదు. ఒకసారి మజ్జిగ ఇస్తే తాగారు. తరవాత లేచి, దొడ్డి గుమ్మం లోంచి రాములు ఇంటికి వెళ్ళొచ్చారు. ఎందుకో చెప్పలేదు.

సాయంత్రం వంటింట్లో మా ఆయన, “ఇప్పుడు అడగనా?” అన్నారు గొంతు తగ్గించి.

“వద్దు,” అన్నాను. “అక్కడిది పోతోంది. ఇక్కడిది కూడా మనమే పోగొట్టకూడదు. మేబెల్ వంటింట్లో పడుకుంటుంది. బియ్యం డబ్బాలు వసారాలోకి జరిపితే చాప పడుతుంది.”

“పొగ...”

“పొగ షెడ్డులో లేదా?”

అన్నాను గాని, వంటింటి నేల ఒకసారి చూసుకున్నాను. చాప పడుతుంది. మనిషి కాలు చాపితే పొయ్యికి తగులుతుంది. పైగా అందరూ లేచేలోపు లేచి చాప చుట్టెయ్యాలి. జీవితాంతం ఒక మనిషిని అలా ఉండమనడం నాకు మనస్కరించలేదు. అయినా ఆ ముసలాయన ముఖం చూశాక అడగడం నా వల్ల కాదు.

దీపాలు పెట్టగానే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. మామయ్యగారు చాలా ఏళ్ళు సంఘ పెద్దగా గుళ్ళో ప్రకటనలు చదివారు. ఫలానావారికి పెళ్ళి, ఫలానా వారం కానుక, ఫలానా వీధిలో కూటం, అన్నీ ఒకే గొంతుతో. ఇంట్లో కూడా పెద్ద సంగతి ఏదైనా ఉంటే ప్రభువు ప్రార్థన అయ్యాక, ఎవరూ చాప మీంచి లేవకముందే, అదే గొంతుతో చెబుతారు. నా సీమంతం సంగతీ అలాగే చెప్పారు, ఆయన పింఛను సంగతీ అలాగే.

ఆ పూట కీర్తన అత్తయ్య ఎత్తుకుంది. లూకాది పడవల మీద పాడిన గొంతు, ఇల్లు నిండిపోయింది. వాక్యం దేవకృప తప్పులు పోతూ చదివింది. మామయ్యగారు ప్రార్థనలో పల్లెదిన్నెలో ఇళ్ళు కట్టుకుంటున్న వాళ్ళందర్నీ తలుచుకున్నారు. పేర్లు కూడా చెప్పారు, ఆయనకి గుర్తున్నంతవరకు. ఆమేన్ అన్నాం.

“ఒక ప్రకటన,” అన్నారు.

దేవకృప సగం లేచింది. అత్తయ్య దాన్ని కూర్చోబెట్టింది.

“సోమవారం నుంచి పెరట్లో పని. దిబ్బ తీసేసి ఆ చోట గది వేస్తున్నాం. మొరం మంచిది, గోడలకి సరిపోతుంది. లూకా ఉంటాడు. రాములు వస్తానన్నాడు. రిచర్డూ, పెంకులూ వాసాలూ నువ్వు చూడాలి.”

మా ఆయన తల ఊపారు.

“గది మేబెల్‌ది. అది పూర్తయ్యేదాకా మేబెల్ రోసమ్మ దగ్గర పడుకుంటుంది. నేను వసారాలో. ఇప్పుడు మంచు లేదు గనక ఎవరూ వాదించొద్దు.”

అత్తయ్య కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. నేను ఏదో అనబోయాను, ఆయన చెయ్యెత్తారు. ప్రకటన మధ్యలో మాట్లాడటం గుళ్ళో కూడా ఆయనకి గిట్టదు. తరవాత నాకేసి తిరిగారు.

“వేసవి దాకా ఆగక్కర్లేదు, ప్రేమమణీ. మట్టలాదివారం అవగానే నువ్వూ రిచర్డూ బందరు వెళ్ళి తీసుకురండి. ఈస్టరుకి ఆ పిల్ల ఇక్కడ ఉండాలి.”

అని బైబిలు మూసి దేవకృప చేతికిచ్చారు.

“అంతే. ఇక వడ్డించండి.”